నాగలి ఎరుగని పొలం

జపాన్ దేశపు నాలుగు ప్రధాన ద్వీపాలలో అతి చిన్నది షికోకు. దాని వాయవ్య తీరాన, మత్సుయామా నగరానికి చేరువలో ఇయో అనే చిన్న పట్టణం ఉంది. ఒకవైపు దీవుల నడుమ చిక్కుకొన్న శాంతమైన సముద్రం. మరొకవైపు కమలాతోటలు కప్పుకొన్న కొండచరియలు. రెండింటి మధ్య చిన్న చిన్న వరిమళ్ళు. 1970వ దశకంలో, జూన్ మాసపు తొలి రోజులలో, ఎవరైనా ఈ గట్లమీదుగా నడచి ఉంటే, చుట్టుపట్ల పొలాలలో దమ్ము చేసిన నీటిలో లేత నారు బారులు తీరి నిలబడి ఉండడం చూసేవారు. ఒకే ఒక చోట ఆ క్రమం తప్పేది. అక్కడ మడిలో బారులు లేవు. బార్లీ గడ్డి ఎటు పడితే అటు పరచి ఉండేది. ఆ గడ్డి సందులలో నుంచి పచ్చని పశుగ్రాసమూ, దానితో కలగలసి వరిమొలకలూ పైకి వస్తూ ఉండేవి. పొలంగలవాడు ఏదో కష్టంలో పడి సాగు మానుకొన్నాడని కొత్తవారు అనుకోవడం సహజం.

ఆ పొలం మసనోబు ఫుకువోకా కుటుంబానిది. వరి, బార్లీ పండే నేల ఎకరం పాతిక సెంట్లు. కొండమీద కమలాతోట పన్నెండున్నర ఎకరాలు. అప్పటికి పాతికేళ్ళుగా ఆ వరిపొలంలో నాగలి గాని, ట్రాక్టరు గాని దిగలేదు. నారు పోయలేదు, నాట్లు వేయలేదు, రసాయనిక ఎరువు బస్తా ఒక్కటి విప్పలేదు, పురుగుమందు చల్లలేదు. కంపోస్టు కూడా ప్రత్యేకించి తయారు చేయలేదు. అయినా ఫుకువోకా లెక్క ప్రకారం పాతిక సెంట్లకు సుమారు 590 కిలోల వరి, మరల అదే నేలలో చలికాలపు పంటగా దాదాపు అంతే బరువు బార్లీ లేక రై ధాన్యం దిగుబడి వచ్చేవి. మన రైతుల పరిభాషలో చెప్పాలంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై ఒకటి, అది కూడా ఏడాదికి రెండుసార్లు. రసాయనాలతో పండించే మంచి పొలాల దిగుబడికి ఇది తీసిపోదని ఆయనా, అక్కడ ఉండి పనిచేసినవారూ చెప్పారు.

తన పద్ధతిని ఆయన 'ఏమీ చేయని సేద్యం' అని పిలిచేవాడు. ఈ మాట ప్రపంచమంతటా ప్రచారమై ఆయనకు కీర్తినీ, కొంత అపార్థాన్నీ తెచ్చిపెట్టింది. ఏమీ చేయకపోతే ఏమవుతుందో ఆ కుటుంబానికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ ప్రయోగంలో మొట్టమొదట నష్టపోయింది ఫుకువోకా తండ్రి పెంచిన తోటయే.

ఫుకువోకా 1913 ఫిబ్రవరి 2న ఇయోలో జన్మించాడు. తరతరాలుగా ఆ ప్రాంతంలో సేద్యం చేసుకొంటున్న కుటుంబం. తండ్రి భూస్వామి, గ్రామానికి పెద్ద. కుమారుణ్ణి గిఫు వ్యవసాయ కళాశాలకు పంపి చదివించాడు. అక్కడ మొక్కల తెగుళ్ళ శాస్త్రం నేర్చి, ఆ యువకుడు యోకొహామా రేవులోని కస్టమ్స్ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించాడు. ఓడలలో దిగుమతి అయ్యే మొక్కలకు, పండ్లకు తెగుళ్ళు ఉన్నాయేమో పరీక్షించడం ఆ శాఖ పని. వరినారు మితిమీరి పొడుగు సాగి పడిపోయే తెగులును పరిశోధించి, గిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని వెలికి తీయడానికి దారి చూపిన ఎయిచి కురొసావా అక్కడే పనిచేసేవాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చొని గడిపిన ఆ రోజులు ఫుకువోకాకు ఎంతో ఇష్టమైనవి. సైన్సు తెలియక సైన్సును కాదన్న మనిషి కాడాయన.

1937లో ఆయనకు న్యుమోనియా సోకింది. వ్యాధి నయమై ఆసుపత్రి నుంచి బయటపడ్డాడు గాని మృత్యుభయం వదలలేదు. రాత్రిళ్ళు నిద్రలేక నగరంలో తిరిగేవాడు. ఒక రాత్రి అలా తిరిగి తిరిగి రేవుకు ఎదురుగా ఉన్న గుట్టమీద ఒక చెట్టుకు ఆనుకొని కూలబడ్డాడు. తెల్లవారుజామున మంచు విచ్చుతున్న వేళ ఒక కొంగ అరచి ఎగిరిపోయింది. ఆ క్షణంలో, తాను ఇంతవరకు జ్ఞానమని పట్టుకొని వేలాడినదంతా వట్టి బోలు అని ఆయనకు తోచిందట. మనిషి తెలుసుకొన్నదీ, సాధించినదీ ప్రకృతి ముందు శూన్యమన్న ఆ భావమే తరువాతి డెబ్బై ఏళ్ళ జీవితానికీ పునాది అయింది. బౌద్ధంలోని శూన్యభావన, చైనా తావో మతంలోని నిష్క్రియ భావన ఇందులో వినిపిస్తాయి గాని, ఆయన ఏ మఠానికీ చేరలేదు. ఉద్యోగం వదలుకొని, ఎదురుపడినవారికల్లా తన అనుభవం చెప్పుకొంటూ కొంతకాలం తిరిగాడు. వినేవారికి అదొక పిచ్చిగా కనిపించింది. మాటలతో లాభం లేదు, పొలంలో చేసి చూపాలి అన్న నిశ్చయంతో 1938లో ఇల్లు చేరాడు.

తండ్రి కొండమీది కమలాతోట అప్పగించాడు. కొడుకు వెళ్ళి ఆ తోటలోనే ఒక గుడిసెలో కాపురం పెట్టి, చెట్లను వాటి స్వభావానికి వదలివేశాడు. కొమ్మ కత్తిరించలేదు, మందు కొట్టలేదు. కొద్దికాలంలోనే కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొనిపోయి వెలుతురు ఆగిపోయింది, పురుగులు పట్టాయి, పచ్చగా కళకళలాడే తోట ఎండిపోయింది.

ఆ చెట్లను తండ్రి ఏళ్ళతరబడి గిన్నె ఆకారంలో కత్తిరిస్తూ పెంచాడు. ఒకసారి మనిషి కత్తెర పడి సహజమైన ఆకృతి పోగొట్టుకొన్న చెట్టును ఉన్నట్టుండి వదలివేస్తే అది తన పూర్వరూపానికి తిరిగి పోలేదు. అది ప్రకృతికి అప్పగించడం కాదు, దిక్కులేకుండా చేయడం మాత్రమే. ఫుకువోకా జీవితాంతం ఈ రెండింటికీ గల తేడాను చెబుతూ వచ్చాడు. ఆయన పుస్తకం చదివి, మరునాడే తమ పొలంలో ఎరువూ కలుపుతీతా మానివేసి నష్టపోయినవారు అనేక దేశాలలో ఉన్నారు; వారు ఈ అధ్యాయం దగ్గర కొంచెం ఆగి ఉంటే బాగుండేది.

తోట ఎండగొట్టిన కొడుకును ఊరివారి ముందు పెట్టుకోవడం గ్రామపెద్ద అయిన తండ్రికి కష్టమైంది. ఎక్కడైనా ఉద్యోగం చూసుకొని, మనసు కుదుటపడిన తరువాత రమ్మన్నాడు. 1939లో ఫుకువోకా అదే దీవిలోని కోచి రాష్ట్రపు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, యుద్ధకాలాన్ని అక్కడ గడిపాడు. తెగుళ్ళ, పురుగుల నివారణ ఆయన శాఖ. ఆహారోత్పత్తి పెంచమని పైనుంచి ఒత్తిడి వస్తున్న కాలమది. పగలు రైతులకు రసాయనాల వాడకం గురించి సలహాలు చెబుతూనే, రసాయనాలతో పండిన పంటనూ, అవి లేకుండా పండిన పంటనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఆయనకు దొరికింది. తండ్రి కోపం ఆయనకు మేలే చేసిందనుకోవాలి.

యుద్ధం ముగిసి ఇల్లు చేరేసరికి రోజులు మారిపోయాయి. అమెరికన్ల ఆక్రమణ కాలంలో అమలైన భూసంస్కరణ జపాన్ గ్రామాల రూపురేఖలనే మార్చివేసింది. కౌలుదార్లు భూమికి యజమానులయ్యారు. భూస్వాముల కమతాలు కరిగిపోయాయి. ఫుకువోకా కుటుంబానికి మిగిలిన వరిభూమి ముప్పై ఏడున్నర సెంట్లు, దానితోపాటు కొండమీది తోట. ఎకరం పాతిక సెంట్లు అయింది తరువాతి కాలంలో. ఒకనాటి భూస్వామి ఇల్లు చిన్నరైతు ఇల్లుగా మారిన ఆ దశలోనే, 1947లో, ఆయన మరల ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఈసారి తొందరపడలేదు. శాస్త్రజ్ఞుడు సాధారణంగా ఇది కూడా చేస్తే ఎలా ఉంటుంది, అది కూడా చేస్తే ఎలా ఉంటుంది అని ఆలోచిస్తాడు. ఒక్కొక్క ఆలోచనకూ రైతుకు ఒక పని పెరుగుతుంది, ఒక ఖర్చు పెరుగుతుంది. ఫుకువోకా దీనిని తలకిందులు చేశాడు. ఇది మానితే ఏమవుతుంది? అది మానితే? ఒక్కొక్క పనినీ ఒక్కొక్క మూల మాని చూసి, పంట తట్టుకొంటేనే పొలమంతటా మానేవాడు. చివరకు నాలుగు నియమాలు మిగిలాయి: దున్నకపోవడం, రసాయనిక ఎరువు గాని తయారు చేసిన కంపోస్టు గాని వాడకపోవడం, కలుపును దున్నిగాని మందు చల్లిగాని తీయకపోవడం, రసాయనాలమీద ఆధారపడకపోవడం. ఈ నాలుగు వాక్యాల వెనుక ముప్పై ఏళ్ళ కాలం ఉంది.

వాటిలో మొదటిది ఒక బీడుపొలం నేర్పిందట. ఎన్నో ఏళ్ళుగా దున్నక వదలివేసిన ఒక మడి పక్కనుంచి పోతూ, గడ్డీ గాదరా మధ్య ఆరోగ్యంగా మొలచిన వరిమొక్కలను ఆయన చూశాడు. కిందటి పంటలో రాలిన గింజలు శీతకాలమంతా నేలమీదనే పడి ఉండి, తమకు అనువైన సమయంలో తామే మొలిచాయి. గింజ రాలేది శరత్కాలంలో; మనిషి విత్తేది వసంతంలో. ఈ రెంటిలో గింజకు తెలిసిన కాలమే సరైనది కావచ్చునని ఆయన వసంతపు విత్తనం మానివేశాడు.

ఆ పొలంలో ఒక సంవత్సరం ఎలా గడిచేదో చూస్తే ఈ సేద్యంలో ఎంత పని ఉందో, ఎంత పని లేదో తెలుస్తుంది. అక్టోబరు మొదట్లో వరి ఇంకా కోతకు రాకముందే, నిలిచి ఉన్న వరిలోనే తెల్ల క్లోవర్ విత్తనాలనూ, బార్లీ లేక రై గింజలనూ వెదజల్లుతారు. క్లోవర్ అంటే మన పిల్లిపెసరవలె నేలకు సత్తువ ఇచ్చే పప్పుజాతి పశుగ్రాసం. నేలను చాపవలె పరచుకొని కలుపును అణచిపెడుతుంది. వరి కోసేనాటికి ఈ మొలకలు అంగుళం రెండంగుళాలు ఎదిగి ఉంటాయి; కోతవాళ్ళ కాళ్ళకింద నలిగినా మరల లేస్తాయి. ఈ మాట తెలుగు పాఠకుడికి వింతగా తోచనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరికోతకు ముందు తడి ఆరని మడిలో మినుము, పెసర, పిల్లిపెసర చల్లి, దున్నకుండానే రెండవ పంట తీయడం మన రైతులకు అలవాటైన విద్యయే. ఫుకువోకా చేసిన పనిలో సగం అది.

మిగిలిన సగం గడ్డిలో ఉంది. నూర్పిడి కాగానే వరిగడ్డి అంతా తెచ్చి తిరిగి అదే పొలంలో పరుస్తారు. ముక్కలు చేయరు, నిలువు పొడుగు గడ్డినే అన్ని దిక్కులకూ పడేట్లు విసురుతారు. సర్దుగా, వరుసగా పరిస్తే మొలక పైకి రాలేదు. ఇంత చిన్న విషయం ఎంత ముఖ్యమో చూడండి: ఆయన దగ్గర నేర్చుకొన్న కొందరు పొరుగు రైతులు గడ్డిని అందంగా వరుసలు పేర్చి, మొలకలు రాలేదని వచ్చారట. నవంబరు మధ్యనుంచి డిసెంబరు మధ్యవరకు వరివిత్తనం చల్లుతారు. అలాగే చల్లితే ఎలుకలూ పిట్టలూ తింటాయి, లేదా కుళ్ళుతాయి గనుక ఆ గింజలను బంకమట్టిలో కలిపి చిన్న చిన్న ఉండలు చేసి చల్లుతారు. కోళ్ళ ఎరువు పలుచగా చల్లుతారు. మే నెల చివర బార్లీ కోస్తారు. ఆ గడ్డి మరల నేలమీదికే చేరుతుంది. వరిగడ్డి బార్లీమీదికి, బార్లీ గడ్డి వరిమీదికి. ఏ పంట తెగులు ఆ పంటకే అంటకుండా ఈ ఏర్పాటు. జూన్ వానలలో వారం పది రోజులు మడిలో నీరు ఆపుతారు. క్లోవర్, కలుపు నీరసించి పసుపు బారుతాయి. వరిమొలక గడ్డిని చీల్చుకొని పైకి వస్తుంది. తరువాత నీరు తీసివేస్తారు. మరల ఆగస్టువరకు నీరు పెట్టరు; పెట్టినా నిలువ ఉంచరు. పైరు పొట్టిగా, గట్టిగా, ఎక్కువ కంకులతో ఎదుగుతుంది.

నేల విషయం చెప్పనే అక్కరలేదు. నాగలి ఎరుగని ఆ మడిలో వేళ్ళూ, వానపాములూ, కుళ్ళిన గడ్డీ కలిసి దున్నే పని నిర్వహించేవి. ఏటేటా పైమట్టి నల్లబడి మెత్తబడింది. ఎర్రని గట్టి బంకమట్టితో నిండిన కొండతోటలో మాత్రం ఇది అంత సులువుగా రాలేదు. మొదట చెట్ల దుంగలు మోసుకొనివచ్చి గుంటలలో పూడ్చాడు. అది ఒళ్ళు విరిచే పని. చివరికి లోతుగా వేళ్ళు పోయే తుమ్మజాతి చెట్లను కమలాల మధ్య నాటి, కింద క్లోవర్, ముల్లంగి, రకరకాల కూరగాయలు చల్లి, ఆ పనిని వేళ్ళకు అప్పగించాడు. కూరగాయలకు మళ్ళు లేవు, బోదెలు లేవు. అవి అడవి మొక్కలవలె చెట్ల నీడన, కలుపు సందులలో పెరిగేవి. వాటి రుచి కాస్త ఘాటుగా ఉండేదట.

పురుగుల విషయంలో ఆయన చెప్పిన ఒక అనుభవం ఇక్కడ గుర్తు చేయదగినది. శరత్కాలంలో ఒకప్పుడు పొలమంతా సాలెగూళ్ళతో కప్పుకొని, ఉదయపు వెలుగులో పట్టుబట్ట పరచినట్లు మెరిసేది. వరిని పీల్చే దోమలను ఆ సాలీళ్ళే అదుపులో ఉంచేవి. ఒకసారి పొయ్యిలోని బూడిద ఎవరికేం చెరుపు చేస్తుందిలే అని ఆయన దాన్ని పొలంలో చల్లాడు. రెండు మూడు రోజులలో సాలీళ్ళు లేకుండాపోయాయి. బూడిద సోకి వాటి పోగులు తెగిపోయాయి. పురుగుమందు మాట దేవుడెరుగు, పిడికెడు బూడిదకే చెదిరిపోయే అల్లిక అది. బాతుల కథ మరొకటి. పూర్వం ఆయన బాతులను మళ్ళలోకి వదిలేవాడు. అవి కలుపూ పురుగూ తిని ఎరువు వేసేవి. తరువాత ఇంటికీ పొలానికీ మధ్యగా పెద్ద రహదారి వచ్చింది. బాతులు రోడ్డు దాటలేకపోయాయి. బాతులతో వ్యవసాయం అంతటితో ఆగిపోయింది. ఏ సిద్ధాంతగ్రంథమూ చెప్పలేని సంగతి ఈ రోడ్డు చెబుతుంది: ఎంత స్వతంత్రంగా బతకాలనుకొన్న పొలమైనా ఊరినుంచి, ప్రభుత్వంనుంచి విడిపడి ఉండలేదు.

నిజానికి ఆయన ఈ ప్రయోగాలు చేస్తున్న కాలంలోనే జపాన్ చిన్నరైతు కాలికింద నేల కదలిపోతున్నది. 1961లో వచ్చిన వ్యవసాయ మౌలిక చట్టం పెద్ద కమతాలనూ యంత్రాలనూ ప్రోత్సహించింది. చలికాలపు బార్లీ పంట లాభసాటి కాదని రైతులు మానుకొన్నారు. ఎంతమంది కమలాతోటలు వేశారంటే కొన్నాళ్ళకు పండ్ల ధర కుప్పకూలింది. బియ్యం మిగిలిపోతున్నదని 1970 తరువాత ప్రభుత్వమే వరిసాగు తగ్గించమన్నది. గ్రామాల నుంచి యువకులు కర్మాగారాలకు వెళ్ళిపోయారు. ఆ ప్రవాహం ఇంకా ఆగలేదు. 2023 నాటికి జపాన్ రైతుల సగటు వయస్సు 68 ఏళ్ళు దాటింది.

ఫుకువోకా తత్త్వమంతా ఈ నేపథ్యంలో చదవాలి. పూర్వం కొత్త సంవత్సరానికి రైతులు దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకొనేవారనీ, అది రెండు నెలలు, ఒక నెల అయి, చివరకు మూడు రోజులకు దిగిందనీ ఆయన వాపోయాడు. తన ఊరి చిన్న గుడిని శుభ్రం చేస్తుంటే గోడమీద పాత పలకలు కనిపించాయట. వాటిమీద ఆ ఊరి పూర్వపు రైతులు రాసి సమర్పించిన హైకూ పద్యాలు డజన్లకొద్దీ ఉన్నాయి. నేటి రైతుకు పద్యం రాసే తీరిక ఎక్కడిది? యంత్రం వచ్చి పని తగ్గిస్తుందన్నారు. యంత్రానికి అప్పు, అప్పుకు మరింత పంట, మరింత పంటకు మరింత ఎరువు కావలసివచ్చాయి. మనిషికి పాతిక సెంట్ల భూమి ఉంటే తిండికి చాలుతుందనీ, తక్కిన కాలం అతనిదేననీ ఆయన లెక్క వేశాడు. దిగుబడి గురించి ఎంత మాట్లాడినా ఆయన అసలు కొలమానం బస్తాలు కాదనిపిస్తుంది. రైతుకు మిగిలే కాలాన్ని ఆయన కొలిచాడు.

పండ్ల ధర విషయంలోనూ ఇదే పట్టుదల. ఖర్చు తక్కువైన పంటకు ధర కూడా తక్కువే ఉండాలి, సహజాహారం పేరు చెప్పి ఎక్కువ ధర గుంజే వ్యాపారి వినియోగదారుణ్ణి మోసగిస్తున్నాడు అన్నది ఆయన మాట. నేడు సేంద్రియమన్న చీటీ అంటించగానే ధర రెట్టింపు చేసే అంగళ్ళవారు దీనిని ఎలా స్వీకరిస్తారో ఊహించుకోవచ్చు.

1970వ దశకంలో జపాన్ నుంచీ, విదేశాల నుంచీ యువకులు ఆ కొండతోటకు చేరుకొన్నారు. మట్టిగోడల గుడిసెలు, కరెంటు లేదు, కొళాయి లేదు. నెలకు మనిషికి పదివేల యెన్‌లతో సరిపెట్టుకోవాలి, పండించుకొన్నదే తినాలి. ప్రశాంతంగా ధ్యానం చేసుకొందామని వచ్చినవారికి నీళ్ళు మోయడం, కట్టెలు కొట్టడం, కొడవలి పట్టడం ఎదురయ్యాయి. వారిలో ఒకడు లారీ కార్న్ అనే అమెరికన్. 1975లో ఫుకువోకా జపాన్ భాషలో రాసిన పుస్తకం, కార్న్ మరికొందరి కృషివల్ల 1978లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ తరువాత ఇరవైకి పైగా భాషలలోకి పోయింది. తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం' పేరిట దానిని మనవారు చదివారు. 1988లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి లభించింది; అదే సంవత్సరం మన విశ్వభారతి 'దేశికోత్తమ' బిరుదంతో గౌరవించింది. 2008 ఆగస్టు 16న, 95 ఏళ్ళ వయస్సులో, ఫుకువోకా మరణించాడు. పొలం, తోట కుటుంబం చేతిలోనే ఉన్నాయి.

ఇంత కీర్తి వచ్చినా ఇయోలోని పొరుగువారు చాలామంది ఆ పద్ధతిని అనుసరించలేదు. దీనికి వారి మూఢత్వం కారణమని తేల్చివేయడం న్యాయం కాదు. ఫుకువోకా జ్ఞానమంతా నిరర్థకమన్నాడు గాని, క్లోవర్ ఏ వారంలో చల్లాలో, నీరు ఎన్ని రోజులు ఆపాలో, తెగులు ఎక్కడ మొదలవుతుందో ఆయన కంటికి తెలిసినట్లు మరొకరి కంటికి తెలియదు. ఆయన నిందించిన ప్రయోగశాలలోనే ఆ కన్ను పదును దేరింది. పైగా ఆ పద్ధతి ఒక వాతావరణానికి, ఒక కుటుంబపు నేలకు అతికినట్లు కుదిరినది. ఏడాది పొడుగునా పంచుకొని కురిసే వాన, చలికాలంలో బార్లీకి తగిన చల్లదనం, కావలసినప్పుడు పెట్టి కావలసినప్పుడు తీయగల నీరు అక్కడ ఉన్నాయి.

మన దేశంలో ఈ ఇబ్బంది ముందే బయటపడింది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ దగ్గర రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ 1970వ దశకం చివరనుంచి యంత్రాలూ రసాయనాలూ మానుకొంటూ వచ్చి, తమ సేద్యానికి 'ఋషి ఖేతీ' అని పేరు పెట్టుకొన్నది. ఫుకువోకా పుస్తకపు భారతీయ ముద్రణ వెలువడింది ఆ సంస్థ నుంచే. చల్లని దేశాల తెల్ల క్లోవర్ మన ఎండలకు నిలువదు. దాని స్థానంలో స్థానికమైన మొక్క వెతుక్కోవాలి. నెలలతరబడి వాన ఎరుగని నేలలో గడ్డి త్వరగా కుళ్ళదు, ఎండి చెదపట్టిపోతుంది.

అన్నిటికన్న పెద్ద చిక్కు గడ్డియే. ఇయోలోని ఆ పొలంలో కోళ్ళు ఉండేవి గాని ఎడ్లూ గేదెలూ లేవు. తెలుగునాట వరిగడ్డి పశువుల నోటికాడి కూడు. గడ్డివామి లేని రైతుకు పాడి లేదు. కరువు సంవత్సరంలో గడ్డి ధర ధాన్యం ధరతో పోటీపడుతుంది. పండిన గడ్డి అంతా తిరిగి నేలకే ఇవ్వాలన్న నియమం మన రైతు ముందు పెడితే, గేదెకు ఏం పెట్టాలని అతను అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఫుకువోకా పుస్తకంలో జవాబు లేదు.

ఆయన దగ్గరనుంచి పద్ధతిని కాక ఆలోచనను తీసుకొన్నవారికి ఇంతకన్న మెరుగైన ఫలితాలు వచ్చాయి. దక్షిణ గుజరాత్ తీరాన ఉమర్‌గావ్ ప్రాంతంలో భాస్కర్ సావే (1922–2015) అనే రైతు, తానుగా ప్రకృతి సేద్యానికి వచ్చి, 'కల్పవృక్ష' అనే తోట పెంచాడు. కొబ్బరి, సపోటా ప్రధానంగా అనేక రకాల చెట్లు కలిసి పెరిగే ఆ తోటలో నీటిని చెట్టు మొదట్లో పోయక, దూరంగా కాలువలలో పారించి వేళ్ళను తన దగ్గరకు రప్పించుకొనే ఏర్పాటు ఉంది. ఇయో పద్ధతికి ఇది నకలు కాదు. 1990వ దశకంలో ఫుకువోకా అక్కడికి వచ్చి, తన తోటకన్న ఇదే మేలైనదని మెచ్చుకొన్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016నుంచి ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని వ్యాప్తి చేస్తున్నది. దాని మూలాలు ఎక్కువగా మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ బోధనలో ఉన్నాయి. ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి జీవామృతం తయారు చేయడం అందులో ముఖ్యం. ఫుకువోకా చూసి ఉంటే దీనినీ మాని చూడమని అనేవాడేమో. అయితే ఆ కార్యక్రమంలోనే వానలకు ముందు విత్తే పద్ధతి ఒకటి ఉంది. తొలకరికి ఎంతో ముందే, ధాన్యాలు, పప్పులు, నూనెగింజలు, కూరగాయలు, పచ్చిరొట్ట జాతులు కలిపి, ఆ గింజలకు మట్టీ బీజామృతమూ పొరలుగా పట్టించి, ఆరబెట్టి, పొడినేలలో చల్లుతున్నారు. పైన ఆచ్ఛాదన పరుస్తున్నారు. దీనికి గడ్డి చాలనిచోట, ముఖ్యంగా అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో, గడ్డి పశువులకే ఉంచి వేరుశనగ పొట్టు వాడుతున్నారు.